మంచం పట్టని కమాను

దయ్యాలు, గాలి సోకడాలు నేను ఏనాడూ నమ్మలేదు. బడికి పోలేదు కానీ మా నాయన ఇంట్లోనే అక్షరాలు దిద్దించి, భక్తుల కథలు చదివించారు. దేవుడికి దండం పెట్టుకుంటే చాలు, ఇంక దేనికీ భయపడే పని లేదని చెప్పారు. అట్లనే బతికాను. అందుకే ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

నిజాం సర్కారు పోయిన కొన్నేండ్లకు మా వారికి తాండూరు నాపరాళ్ళ గనిలో పని దొరికింది. ఒక పాత ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. మా అత్తమ్మ మాతోనే ఉండేది. ఇంటామె ముసలి ముసల్మాను తల్లి, అందరం ఖాలా, అంటే పిన్నమ్మ, అని పిలిచేవాళ్ళం. వాళ్ళ మామగారు హజ్‌కు పోయినప్పుడు ఎక్కడో చూసొచ్చిన కమాను మీద మనసు పడి, వీధి వాకిలికి అలాంటిదే కట్టించారట.

మామూలు కమాను పైన సగం చుట్టు తిరిగి, అక్కణ్ణుంచి నిలువుగా కిందికి దిగుతుంది. ఇది అట్ల కాదు. సగం చుట్టు దాటినా ఆగకుండా, కిందికొచ్చే కొద్దీ మళ్ళీ లోపలికి ముడుచుకుంటుంది, అచ్చం గుర్రపు లాడం లాగా. దాన్ని లాడం కమాను అంటారని మా వారు చెప్పారు. మనిషి భుజాల దగ్గర బాగా వెడల్పు, నడుము నుంచి కిందికి ఇరుకు. అడుగున ఒక పక్క రాతిలో, మోకాలెత్తున, చిన్న దీపపు గూడు. ప్రతి గురువారం ఖాలా అందులో దీపం పెట్టేది. గూడంతా మసి.

మేము దిగిన రోజే మా మంచం అందులో ఇరుక్కుంది. ఖాలా ఒకటే నవ్వు. "మా మామ గుర్రానికి కట్టించిండు బిడ్డా, మంచానికి కాదు!" పక్కకు ఒరిగించి నిలబెడితే గానీ లోపలికి రాలేదు.

నాకు ఎనిమిదో నెల. ఒకరోజు పొద్దున స్నానం చేసి, దేవుడికి పూలు పెట్టి లేస్తుంటే రక్తం కనబడింది. మంత్రసాని వచ్చి చూసి, "మంచం మీదికెంచి మనిషిని లేపొద్దు, వంచొద్దు. వికారాబాద్ దవాఖానకు తోల్కపోండి. ఆలస్యమైతే తల్లీ దక్కది, పిల్లా దక్కది" అన్నది. మధ్యాహ్నం రైలు ఒక్కటే దారి. మా వారు గని నుంచి ముగ్గురు మనుషులను తీసుకొచ్చారు. బయట ఎడ్లబండి నిలబడింది. ఇంటికి వేరే వాకిలి లేదు.

నేను మీద ఉన్న మంచాన్ని ఒరిగించలేరు. ఖాలా లోపలి నుంచే అన్నది, "భుజాల మీదికి లేపుండ్రి. ఆడ వెడల్పుంటది, సాఫ్‌గా పోతది."

అత్తమ్మ ఎగిరిపడింది. "బతికున్న పిల్లను పాడె మోసినట్టు మోస్తరా? నా కండ్ల ముందట కానియ్య!"

"మావోళ్ళను గూడ గట్లనే మోస్తరమ్మా, నాకు తెల్వదా? కానీ రైలు ఆగదు గదా!"

ఎవరికీ చేతులు రాలేదు. మా వారు "ముందు వాకిలి దాంక నడువుండ్రి" అన్నారు. ఎప్పటిలాగే చేతులతో, నడుమెత్తున, మంచం లేపారు. ముందు ఇద్దరు, వెనుక ఇద్దరు. అత్తమ్మ బండి దగ్గరికి ఉరికింది. పరాయి మగవాళ్ళున్నారని ఖాలా బయటికి రాలేదు.

నా చీర తడిసిపోయి ఉంది. ముక్కూ మొహం తెలియని మగవాళ్ళ చేతుల్లో అట్లా పడుకుని పోవడం, చనిపోవడం కంటే కష్టంగా తోచింది. ఒక చేత్తో కొంగు మొహం మీదికి లాక్కుని కళ్ళు గట్టిగా మూసుకున్నాను. రెండో చెయ్యి మంచం పక్కన వేలాడుతోంది. దాన్ని లేపే ఓపిక లేదు. రామ రామ అనుకుంటున్నాను. వేళ్ళకు చల్లగా, నున్నగా రాయి తగిలింది. మంచం ఎక్కడా ఆగలేదు. ఆ వెంటనే కొంగు మీద ఎండ వేడి తెలిసింది.

స్టేషన్‌లో ఒక గార్డు దయతలచి సామాన్ల పెట్టెలో మంచంతోనే ఎక్కించాడు. ఆయన కడుపు చల్లగుండాలి. దవాఖానలో నర్సమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఈ మసి ఏందమ్మా?" అన్నది. చూస్తే వేళ్ళన్నీ నల్లగా ఉన్నాయి. మురికి మనిషిననుకుంటుందని సిగ్గుపడి పిడికిలి ముడిచాను. ఆమె విప్పి, దూదితో తుడిచేసింది. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. ఇద్దరం దక్కాం.

మా వారు మర్నాడు మంచం తిరిగి తెచ్చారు. ఖాళీ మంచం. అదే నలుగురు. నడుమెత్తున పట్టుకుని వస్తే కమానులో ఇరుక్కుంది. ఎంత తోసినా రాలేదు, బెత్తెడు చాలదు. అప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. "మరి నిన్న ఎట్ల దాటినం?" భుజం మీదికి లేపామని ఒక్కరూ ఒప్పుకోలేదు. బిడ్డ మీద ఒట్టు పెట్టి మా వారు కూడా లేపలేదనే అన్నారు.

నేను బాలింతగా ఇంటికొచ్చాక అందరూ నన్నే అడిగారు. కమాను కింద పైకి చూస్తూ పోయిన మనిషిని నేనొక్కదాన్నే కదా! కళ్ళు మూసుకున్నానని చెప్పాల్సి వచ్చింది. "మొహం కప్పుకుంటివా, నీ పాడుగాను!" అని అత్తమ్మ నెత్తి కొట్టుకుంది. ఖాలా మాత్రం నవ్వి, "గా గుర్రం ఒక్కనాడు మంచాన్ని ఒప్పుకున్నట్టుంది" అన్నది. అప్పటి నుంచి గురువారం దీపానికి నూనె మాదేనని అత్తమ్మ పట్టుబట్టింది.

గాబరాలో లేపి మర్చిపోయి ఉంటారని నేనే చాలాసార్లు నాకు చెప్పుకున్నాను. కానీ ఆ మసి? భుజాలెత్తున పోతే నా వేళ్ళు మోకాలెత్తు గూటికి అందవు. కింద నుంచే పోతే, మంచానికే చాలని ఇరుకులో నా చేతికి చోటెక్కడిది?

నాకు ఇప్పటికీ తెలియదు. అడుగడుగునా ఆదుకున్న అందరికీ మనసులో రోజూ దండం పెట్టుకుంటాను. కమాను దగ్గరికొచ్చేసరికి ఎవరికి పెట్టాలో తెలియక చేతులు ఆగిపోతాయి. నాకోసం ఏదో దారిచ్చింది. నేను మొహం కప్పుకున్నాను.

ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మళ్ళీ ఆ కమాను కింద కొంగు కప్పుకుని నడవలేదు. బిడ్డను చంకనెత్తుకుని, తల పైకెత్తి, రాళ్ళ వంక చూస్తూనే దాటేదాన్ని.