టేపమ్మ ఎర్రబండి సీటు

టేపమ్మకు అసలు పేరొకటి ఉంది, కానీ ఆ పేరుతో పిలిస్తే ఆవిడే పలకదు. ముప్ఫై ఏళ్లుగా మెడలో కొలతల టేపు వేసుకుని తిరుగుతుంటే వీధి వీధంతా కలిసి ఈ పేరు ఖాయం చేసింది. ఒకసారి ఎవరింటి పెళ్లికో టేపు తీయడం మరిచిపోయి అలాగే వెళ్లిందని చెప్పుకుంటారు. వెళ్లిన మాట నిజమే. అక్కడ ఇద్దరి కొలతలు రాసుకుని వచ్చిన మాటా నిజమే.

మనిషి పొట్టి. అయిదడుగులకు ఒక అంగుళం తక్కువ. ఆ అంగుళం సంగతి ఎవరైనా ఎత్తితే వాళ్ల జాకెట్టు వారం ఆలస్యమవుతుంది. కానీ చేతిలో పనితనం ఉంది. ఆవిడ కుట్టిన బట్ట బిగుతని కానీ వదులని కానీ ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు. ఈ మాట ఆవిడే చెప్పుకుంటుంది. చెప్పుకోదగ్గది చెప్పుకోకపోతే ఎట్లా?

యాభయ్యో ఏట ఆవిడ ఎర్ర స్పోర్ట్స్ బైకు కొన్నది. కొత్తది కాదు, ఎవరో కుర్రాడు మూడేళ్లు తోలి మోజు తీరాక వదిలించుకున్నది. బండి నడపడం ఆవిడకు కొత్తేమీ కాదు. కుట్టిన బట్టలు ఇళ్లకు ఇచ్చి రావడానికి పదేళ్లుగా మొగుడి పాత బండి మీదే తిరిగింది. అది ఇక లేవనని మొండికేశాకే ఈ ఎర్రది వచ్చింది. వీధి ముక్కున వేలేసుకుంది. వేసుకోనీ, ఎవరి ముక్కు వాళ్లది, ఎవరి వేలు వాళ్లది.

ఆవిడ మరిది వీధి చివర రేకుల షెడ్డులో మెకానిక్. బండి చూసి నెత్తి గోక్కున్నాడు.

"హాయిగా స్కూటర్ కొనుక్కోక ఇదెందుకు వదినా?"

"స్కూటర్ ఎక్కితే కుర్చీలో కూర్చున్నట్టుంటుంది. జన్మంతా మిషను ముందు కుర్చీలోనే కూర్చున్నాను. చాలు."

ముందు ఆ కుర్రాడి వేషాలన్నీ వదిలించింది. చక్రాల దగ్గర మెరిసే నీలం లైట్లు, ఆకాశం వైపు చూసే నంబరు ప్లేటు, వీధి మొత్తాన్నీ నిద్ర లేపే సైలెన్సరు, అన్నీ పోయాయి. బండి పక్కనుండే ప్లాస్టిక్ డూము మీద నోరు తెరిచిన పులి స్టిక్కరు ఒకటుంది. మరిది బ్లేడు తీయబోతే చేయి పట్టుకు ఆపింది. గుడ్డను ఇస్త్రీపెట్టెతో వేడిచేసి, పులి మీద పరిచి అదిమింది. జిగురు మెత్తబడ్డాక గోటితో అంచు లేపి తోక నుంచి తల దాకా ఒక్క ముక్కగా లాగేసింది.

"వదినా, నువ్వు మా షెడ్డులో చేరిపో."

"చేరతాను కానీ, ముందు ఆ నేల తుడిపించు. కాలు పెడితే చెప్పు మిగలట్లేదు."

కిందికి వంగిన హ్యాండిల్‌ను రెండంగుళాలు పైకి ఎత్తించింది. మిషను మీద వంగింది చాలు, రోడ్డు మీద కూడా వంగలేనంది. కొత్త టైర్లు, కొత్త బ్రేకులు వేయించింది. చైను తళతళలాడేదాకా తనే తోమి, ఇంట్లోంచి తెచ్చిన బుల్లి నూనె డబ్బా మూత తీసింది. "అయ్యో వదినా, అది కుట్టుమిషను నూనె!" అని మరిది పరుగెత్తుకొచ్చాడు. "నూనె నూనే కదా, ఇది మాత్రం తిరగదా?" అని ఆవిడ వాదించింది. ఆ ఒక్క వాదన ఓడిపోయింది.

అంతా కుదిరింది, ఒక్కటి తప్ప. సీటెక్కితే ఆవిడ పాదాలు నేలకు ఆనవు. కాలి వేళ్లు మాత్రం తగులుతాయి, ఎవరో పిలిస్తే తలుపు సందులోంచి తొంగి చూసినట్టు. సోమవారం పొద్దున మందుల కొట్టు ముందు ఆపబోతే వేళ్ల కింద ఇసుక జారింది. బండి పక్కకు ఒరిగింది, దానితో పాటు ఆవిడా. అద్దం పగిలింది, మోచేయి గీరుకుపోయింది.

ఆ కొట్టులో గుమాస్తా ఆవిడ మొగుడే. లోపల్నుంచి అంతా చూశాడు. దూది పట్టుకుని పరుగెత్తుకొచ్చి మోచేతికి మందు రాశాడు. ఒక్క మాట తిట్టలేదు. అదే భయం. ఆయన గొంతు పెంచితే ఆవిడ నవ్వేస్తుంది, నోరు మూసుకుంటేనే ఆవిడ గుండె జారుతుంది.

సాయంత్రం ఇంటికొచ్చి నెమ్మదిగా చెప్పాడు. "ఆదివారం దాకా చూస్తాను. రెండు పాదాలూ మడమలతో సహా నేలకానించి ఆపగలిగితే నీ బండి నీది. లేదంటే తమ్ముడి దగ్గరకొచ్చే ఆయనెవరో దీన్ని అడుగుతున్నాడట. ఇచ్చేద్దాం."

"నా బండి ఇచ్చెయ్యడానికి మీరెవరండీ?"

"నీ మోచేతికి మందు రాసినవాణ్ణి."

ఆవిడ వంటింట్లోకి వెళ్లి గిన్నెలు సర్దింది. సర్దినవే మళ్లీ సర్దింది.

మర్నాడు షెడ్డులో కాళ్లు రెండూ దగ్గరపెట్టి నిటారుగా నిలబడి, తొడ లోపలి నుంచి నేల దాకా తన కాలు తనే కొలుచుకుంది. ఇరవై ఏడు అంగుళాలు. సీటు ఎత్తు ముప్ఫై ఒకటి.

"నాలుగు అంగుళాలు తగ్గాలి" అంది.

"బండిని రెండు దించుతాను. అంతకన్నా దించితే గుంటల్లో కింద కొట్టుకుంటుంది. స్టాండు కూడా ఆ మేరకు కోసి అతకాలి" అన్నాడు మరిది. "అయినా వదినా, బండెక్కి కూర్చుని చూసుకోకూడదా?"

"నాకు కొలతలు నేర్పుతున్నావా?"

మరిది పానా తీసుకుని తన పని తను చూసుకున్నాడు.

మిగతా రెండంగుళాలు ఆవిడ సీటులోంచి తీసింది. సీటు ఇంటికి తెచ్చి, తొడుగు విప్పి, స్పాంజి మీద సుద్దతో గీతలు గీసి, బ్రెడ్డు కోసే కత్తితో పొర పొరగా కోసింది. గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేసింది. నల్ల రెక్సిను తెచ్చి కొత్త తొడుగు కుట్టింది. మిషను సూదులు రెండు విరిగాయి, మూడోది గోనెసంచుల సూది, అది మాట విన్నది. అంచుల వెంట ఎర్రదారంతో జంట కుట్టు వేసింది. చూస్తే కన్ను తిప్పుకోలేం.

బుధవారం సాయంత్రం బిగించి ఎక్కి కూర్చుంది. కింద చెక్కబల్లలా గట్టిగా తగిలింది. సరే, ఓర్చుకుందాం అనుకుని కాళ్లు దింపింది. మడమలు ఇంకా గాలిలోనే ఉన్నాయి.

"టేపు సాగిందేమో వదినా" అన్నాడు మరిది. నవ్వకుండా ఉండాలని పాపం చాలా ప్రయత్నించాడు.

ఆవిడ దిగి ఇంటికొచ్చింది. మెడలోని టేపు తీసి ఇనుప స్కేలు పక్కన పరిచి అంగుళం అంగుళం సరిచూసింది. టేపు సరిగ్గానే ఉంది. అప్పుడు తప్పు ఎవరిదో ఆవిడకు తెలిసింది కానీ, ఎక్కడుందో తెలియలేదు. మర్నాడంతా టేపును మెడలో వేసుకోకుండా మేకుకు తగిలించింది. బట్టలకని వచ్చిన ఆడవాళ్లు ఒంట్లో బాగాలేదేమో అనుకుని మెల్లగా మాట్లాడి వెళ్లిపోయారు.

శుక్రవారం పొద్దున మొగుడి కొత్త ప్యాంటుకు కింది మడత గుర్తు పెట్టాల్సి వచ్చింది. ఆవిడ నోట్లో పిన్నులు పెట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంది. ఆయన పేపరు చదువుకుంటూ గోడకానుకుని, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

"కాళ్లు దగ్గరపెట్టి నిలబడండి! ఎన్నిసార్లు చెప్పాలి? అంత ఎడంగా పెడితే కాలు పొట్టిదైపోదూ..."

మాట అక్కడే ఆగిపోయింది.

"ఏమైంది?" ఆయన పేపరు దించాడు. "పిన్ను మింగావా?"

"మళ్లీ ఎడం చెయ్యండి. ఇంకా. ఇంకా కొంచెం."

"ఇంకా అంటే కుట్టు పోతుంది. నీ కుట్టే!"

ప్యాంటు అంచు నేల నుంచి రెండు వేళ్లు పైకి లేచింది. ఆవిడ పిన్నులు అరచేతిలోకి ఊసి, నేల మీద చతికిలబడి నవ్వింది. తన కాలి పొడవు సరిగ్గానే కొలిచింది, నిలబడి. బండి మీద ఎవరూ కాళ్లు దగ్గరపెట్టుకుని కూర్చోరు. సీటు ముందుభాగం వెడల్పుగా ఉండి తొడల్ని చెరో పక్కకు నెట్టేస్తోంది. కోయాల్సింది ఎత్తు కాదు, పక్కలు. నడుము దగ్గర జాకెట్టు పట్టినట్టు పట్టాలి.

ప్యాంటుకు ఒక కాలు మడిచి, రెండో కాలు అలాగే వదిలేసి షెడ్డుకు పరుగెత్తింది.

"బండెక్కి కూర్చుంటాను. నా తొడలు ఎక్కడ తగులుతున్నాయో నువ్వు సుద్దతో గియ్యి" అని మరిదికి సుద్దముక్క ఇచ్చింది. "నువ్వే చెప్పావు, కూర్చుని చూడమని. నేనే వినలేదు."

మరిది చేతిలోని పానా కింద పెట్టేశాడు. "వదినా, నిజంగానే ఒంట్లో బాగుందా?"

"గియ్యవయ్యా బాబూ!"

శనివారమంతా ఇంట్లోంచి ఆవిడ కదలలేదు. ఆగేటప్పుడు ముందుకు జరిగే చోట సీటును రెండు పక్కలా సన్నగా చెక్కింది. నడిపేటప్పుడు కూర్చునే చోట మెత్తని స్పాంజి తిరిగి అతికించింది. తొడుగు విప్పి మళ్లీ మొదట్నుంచీ కుట్టింది. తన కుట్టు తనే విప్పుకోవడం ఆవిడకు అదే మొదటిసారి.

ఆదివారం పొద్దున షెడ్డు దగ్గరికి బండి అడిగిన ఆయన కూడా వచ్చాడు. ఆరడుగుల మనిషి, చేతిలో హెల్మెట్. మర్యాదస్తుడు, పక్కన నిలబడి చూశాడు. మొగుడు రోడ్డు మధ్యలోకి నడిచి, నడుం మీద చేయి వేసుకుని, ట్రాఫిక్ పోలీసులా చెయ్యెత్తాడు. ఆవిడ వచ్చి ఆగింది. మడమలు నేల మీద పూర్తిగా ఆనాయి. ఆయన వంగి చూశాడు. ఇంకో యాభై అడుగులు నడిచి, చెప్పకుండా ఠక్కున చెయ్యెత్తాడు. ఆగింది. మూడోసారి కావాలనే ఇసుక ఉన్న చోటు చూసుకుని నిలబడ్డాడు.

"ఇంకెంతసేపండీ ఈ డ్యూటీ? తప్పుకోండి, తొక్కించేస్తాను" అని అరుస్తూ వచ్చి ఆగింది. పాదాలు జారలేదు. ఆయన ఒంగి ఆ మడమల వంక చాలాసేపు చూశాడు. లేచేటప్పటికి కళ్లు తడిగా ఉన్నాయి. ఇసుక పడిందన్నాడు.

ఆరడుగుల ఆయన వైపు తిరిగి, "క్షమించండి, మా ఆవిడ బండి" అన్నాడు.

ఆయన నవ్వి, ఆ సీటు ఎక్కడ కుట్టించారని అడిగాడు. టేపమ్మ ఆయన్ను పై నుంచి కింది దాకా ఒకసారి చూసి, "మంగళవారం మీ బండి తెండి. మిమ్మల్ని కూర్చోబెట్టి కొలుస్తాను" అంది.

మొగుడు షెడ్డులోంచి ఇంకో హెల్మెట్ తెచ్చుకుని వెనక ఎక్కడానికి తంటాలు పడ్డాడు. ఆ వెనక సీటు పిట్టగోడంత ఎత్తు. ఎక్కాక చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక గాలిలో ఆడించాడు.

"నన్ను పట్టుకోండి. తెలిసినదాన్నేగా!"

"మెల్లగా పోనివ్వు" అంటూ పట్టుకున్నాడు.

ఆవిడ పాదాలు రెండూ నేల మీంచి తీసి, బండిని మెల్లగానే ముందుకు పోనిచ్చింది. వీధి మలుపు దాకా.