మూడింటిదాకా ఆగిన టాక్సీ

మా ఇంట్లో కాలం చూడడానికి రెండు ఏర్పాట్లు ఉండేవి. ఒకటి గోడ గడియారం, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. రెండోది దాని పక్కన వేలాడే తమిళ డైలీ క్యాలెండరు. రోజుకో కాగితం చించే ఆ క్యాలెండరులో రాహుకాలం ఎప్పుడు, ఏ వారం ఏ దిక్కుకు ప్రయాణం పనికిరాదు, తప్పనిసరైతే నోట్లో ఏం వేసుకుని బయల్దేరాలి, అన్నీ ఉండేవి. మా మేనత్త, అంటే నాన్నకు అక్క, ఆ కాగితానికి మా ఇంటి ప్రతినిధి. అమ్మ పోయాక ఇల్లు చూసుకోవడానికి వచ్చి, ఇంటితోపాటు మా రాకపోకలు కూడా చూసుకునేది.

మద్రాసు పేరు చెన్నైగా మారిన కొత్తల్లో జరిగిన సంగతి ఇది. నాన్నకు ఆ ఊరి పాతపట్నంలో పసుపు, మిరపకాయల మండీ ఉండేది. తెలుగు, అరవం, హిందీ, మార్వాడీ, నాలుగు భాషల్లో బేరమాడేవాడు. ఇంటికొచ్చాక ఆ నాలుగింటిలోనూ మమ్మల్ని వెక్కిరించేవాడు. నేను ఒక బడిలో సైన్సు టీచర్ని. గుండె నుంచి మెదడుకు రక్తం ఎలా వెళ్తుందో ఎర్ర సుద్దముక్కతో బోర్డు మీద గీసి, ఆగితే ఏమవుతుందో కూడా చెప్పి, పిల్లల చేత అప్పజెప్పించుకునేదాన్ని. ఇంత చదువున్న మనిషి ఇంట్లో ఉండగా ఎవరికైనా ఏమవుతుంది చెప్పండి.

ఆ గురువారం నాకు పరీక్షల సెలవు. నాన్న మధ్యాహ్నం భోజనానికి వచ్చి చారన్నం కలుపుకుంటున్నాడు. ఉన్నట్టుండి కుడిచెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ‘ఏం నాన్నా?’ అంటే ఏదో చెప్పబోయాడు. మాట రాలేదు, ముద్దగా ఒక చప్పుడు వచ్చింది. మూతి ఎడమవైపుకు లాగేసింది. గోడ గడియారంలో ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువ. ఈ టైము గుర్తుపెట్టుకోండి, ముందు ముందు దీంతో పని ఉంది.

“గ్యాసే. పొద్దున బోండాలొద్దంటే విన్యాడా?” అంది అత్త. గోలీసోడా తెప్పించి తాగించింది. సోడా సగం చొక్కా మీదికి కారింది. అప్పుడు పక్కింటావిడ వచ్చి అరికాళ్లకు అమృతాంజనం రాసింది. జబ్బు తలలో ఉంటే మందు అరికాలికి ఎందుకు రాశారో నేను ఈనాటికీ అడగలేదు. కుడికాలు కూడా కదలడం మానేశాక గాని అందరికీ ఆసుపత్రి గుర్తుకురాలేదు. స్టాండుకు ఫోన్ చేస్తే టాక్సీ ఒంటిగంటా పదిహేనుకల్లా వచ్చి వాకిట్లో నిలబడింది. అందరం తయారై, నాన్నను కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తేసరికి ఒంటిగంటన్నర దాటి రెండు నిమిషాలు.

అత్త గడపకు అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడింది.

“ఇంగ కదలొద్దు. రాహుకాలం వొచ్చేసింది. మూడుకి పోదాం.”

“అత్తా, నాన్న పరిస్థితి చూడు!”

“చూస్తానే ఉండా. అందుకే చెప్తుండా. ఈ వేళలో గడప దాటిస్తే ఆడనుంచి మనిషి తిరిగి ఈడికి రాడు. మీ తాతనట్లే దాటించినారు, వొచ్చినాడా?”

తాత పోయింది తొంభైకి దగ్గరపడ్డాక. ఆ వయసుకి ఏ వేళలో గడప దాటినా ఒకటేనని చెప్పబోయాను గాని, పక్కింటావిడ కూడా తలూపింది. టాక్సీ డ్రైవరైనా విసుక్కుంటాడేమో, ఆ వంకతో బయల్దేరవచ్చని ఆశపడ్డాను. ఆయన “రాహుకాలమా? అప్ప సరి, మూణు మణిక్కే పోలామ్మా” అని, మూడింటికే పోదామంటూ భక్తిగా ఇంజన్ ఆపేసి, సీటు వెనక్కి వాల్చి పేపరు విప్పాడు. కుర్చీ మళ్లీ నేలకు దిగింది. వైజ్ఞానిక దృక్పథం గల నేను గంటన్నరసేపు విసనకర్రతో మా నాన్నకు విసిరాను.

సరిగ్గా మూడింటికి బయల్దేరాం, కాని ఇంకో చిక్కు ఉంది. ఆసుపత్రి దక్షిణాన, గురువారం దక్షిణానికి వారశూల, అటు ప్రయాణం కూడదు. క్యాలెండరు చెప్పిన పరిహారం నూనె. అత్త ఒక చెంచా నువ్వులనూనె నాన్న నోట్లో పోసింది. మింగలేక కళ్లు ఎర్రబడేలా దగ్గాడు. శూల మాత్రం తప్పింది.

ఆసుపత్రి చేరేసరికి నాలుగుకు ఇరవై నిమిషాలు తక్కువ. విదేశంలో చదివి అప్పుడే వచ్చిన ఒక కుర్ర డాక్టరు పరుగున వచ్చి మొదట అడిగిన ప్రశ్న, “ఎప్పుడు మొదలైంది?” నేను నోరు తెరిచేలోపు అత్త చెప్పేసింది.

“మూడు గంటలకి, సార్.”

ఆ అబద్ధం ఆమె భయంతో చెప్పలేదు. రాహుకాలంలో జబ్బు మొదలైందనిగాని, నడిచిందనిగాని పైకి చెబితే అది నయం కాదని ఆమె నమ్మకం. మంచిగడియ మూడింటికి వచ్చింది కాబట్టి జబ్బు కూడా మూడింటికే రావాలి. డాక్టరు మొహం వెలిగిపోయింది. “వెరీ గుడ్! అరగంటలో తెచ్చేశారా! ఇట్లాంటి ఫ్యామిలీని నేను చూడలేదమ్మా” అన్నాడు. నిజమే, చూసి ఉండడు.

స్కాను తీసి వచ్చి గబగబా చెప్పాడు. నరం చిట్లలేదు, గడ్డ అడ్డుపడింది. దాన్ని కరిగించే కొత్త ఇంజెక్షను తమ దగ్గరుంది. మూడు గంటల్లోపు ఇస్తే చెయ్యి, మాట తిరిగివచ్చే అవకాశం ఉంది. నర్సు అప్పటికే ట్రే సర్దుతోంది. “మూడు గంటలు దాటాక ఇస్తే?” అన్నాను.

“మెదడులో నరం చిట్లవచ్చు. మనమే చంపినట్టవుతుంది. మీకేం భయం, మీరు టైముకే వచ్చారుగా.”

అప్పుడు నాలుగూ ఇరవై. నాన్న మంచం మీద నుంచి నన్నే చూస్తున్నాడు. నేను డాక్టరుతో చెప్పాను. “మొదలైంది ఒంటిగంటకు పది నిమిషాల ముందు సార్. చారన్నం కలుపుతున్నప్పుడు. నేను గడియారం చూశాను.”

ఆయన నన్ను చూశాడు, అత్తను చూశాడు, నర్సుకు చెయ్యి ఊపాడు. ట్రే వెనక్కి వెళ్లిపోయింది.

“నోరు మూసుకోనుంటే నీకేం పొయ్యిందే?” అంది అత్త. ఆ మాట ఆసుపత్రి వరండాలో మొదలుపెట్టి, ఆమె పోయేదాకా, వచ్చినవాళ్లందరితో అంటూనే ఉంది. సూది దాకా వచ్చిన మందును మేనకోడలి నోరు వెనక్కి పంపిందని బంధువులందరికీ తెలుసు. టాక్సీ గంటన్నర ఎందుకు ఆగిందో మాత్రం ఎవరికీ గుర్తులేదు.

నాన్న బతికాడు. కుడిపక్క పోయింది. నాలుగు భాషల్లోంచి ఒక్క మాట మిగిలింది. ‘పర్వాలేదు.’ ఆకలైనా పర్వాలేదు, కాఫీ ఒలికినా పర్వాలేదు, కాలు నొప్పిపుట్టి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నా పర్వాలేదు. మనం అన్నదంతా ఆయనకు అర్థమవుతుందని డాక్టరు చెప్పాడు. మేము నమ్మలేదు. ఆయన ముందే ఆయన గురించి అన్నీ మాట్లాడుకునేవాళ్లం.

ఇప్పుడు తొడ నరంలోంచి సన్నటి తీగ పంపి మెదడులో గడ్డనే లాగేస్తున్నారట. దానికి కూడా ఎంత తొందరగా తెస్తే అంత మేలట. పేపరులో అలాంటి వార్త కనబడినప్పుడల్లా నేను అత్తను తిట్టుకోవాలి, న్యాయంగా. తిట్టుకోలేను. ఆ రోజు టాక్సీ వచ్చాక అత్త మూడుసార్లు కేక వేసింది. “వేగిరం రాయే, ఒంటిగంటన్నర లోపల దాటిస్తే చాలు!” ఆమె లెక్కలో పదిహేను నిమిషాలు మిగిలే ఉన్నాయి. నేను లోపల చీర మార్చుకుంటున్నాను. పెద్దాసుపత్రి కదా, ఇంట్లో కట్టుకునే వెలిసిపోయిన చీరతో ఎలా వెళ్తామని. మొదట తీసిన చీరకు జాకెట్టు కుదరకపోతే రెండోది తీశాను.

డాక్టరుకు నిమిషాలతో సహా టైము చెప్పిన నేను, ఆ పదిహేను నిమిషాల సంగతి ఎవరికీ చెప్పలేదు. రెండేళ్ల తర్వాత ఒక ఆదివారం, అత్త గుడికి వెళ్లినప్పుడు, నాన్నకు అన్నం తినిపిస్తూ చెప్పేశాను. చీర రంగుతో సహా చెప్పాను. చెప్పి, ఆ మాట కోసం ఎదురుచూశాను. కాఫీ ఒలికినా దొరికే మాటే కదా.

నాన్న నన్ను చాలాసేపు చూశాడు. ఎడమచేత్తో నా చేతిలోని ముద్దను పక్కకు నెట్టి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆయనకు అన్నీ అర్థమవుతాయని డాక్టరు చెప్పింది నిజమేనని నాకు ఆ రోజు తెలిసింది.