బైట్ల బాబాయీ, పన్నెండు గంటల గొంతూ

మా బాబాయికి లోకంలో ఏదీ కిలోల్లోనూ గజాల్లోనూ కనిపించదు. అన్నీ బైట్లలోనే కనిపిస్తాయి. ఉత్తరం చేతికిస్తే ఇన్ని బైట్లంటాడు. ఫొటో చూపిస్తే, అందులో ఉన్నదెవరో అడక్కుండా ఇన్ని ఎంబీలంటాడు. ఎవరైనా పక్కన కూర్చుని కష్టసుఖాలు చెప్పుకుంటే చివరిదాకా శ్రద్ధగా విని, "మూడు కేబీలు" అంటాడు. చెప్పినవాళ్ళు ఓదార్పు కోసం ఇంకాసేపు ఎదురుచూస్తారు. ఆయన లెక్కలో ఓదార్పు అయిపోయినట్టే.

ఆయన చదివింది పదో తరగతి. రేడియోలు విప్పుతూ టేపురికార్డర్లలోకి, టేపురికార్డర్లు విప్పుతూ కంప్యూటర్లలోకి వచ్చాడు. మా రిపేరు షాపులో నాకు స్క్రూడ్రైవరు పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఇద్దరు ముగ్గురు పెదవి విరిచేసిన డిస్కుని బల్లమీద పెట్టి, చెవి ఆనించి విని, ఎక్కడ తట్టుకుంటోందో చెప్పగలడు. అదెలా తెలిసిందని అడిగితే మాత్రం చెప్పలేడు. చెప్పగలిగినవాళ్ళు చాలామందిని చూశాను, వాళ్ళు బాగుచేయలేరు.

పిన్ని దగ్గరా ఇదే వరస. ఒకరోజు కుళాయి కట్టకుండా షాపుకి వచ్చేశాడని ఆవిడ వెనకే వచ్చి నిలదీసింది. ఆయన అంతా విన్నాడు. విని, ఇప్పుడన్నది రెండు కేబీలనీ, అందులో ఒకటి నిన్న అన్నదేననీ, అలా కాపీలు పెంచుకుంటూ పోతే జాగా వృథా అనీ చెప్పాడు.

"నిన్నటిది నీ దగ్గర ఉందా, చెరిపేశావా?" అంది పిన్ని.

"ఉంది."

"ఉంటే కుళాయి ఎందుకు కట్టలేదు?"

దానికి ఆయన దగ్గర కొలత లేదు. "సరే" అన్నాడు.

ఆ "సరే" వెనక కూడా లెక్క ఉందని నాకు తర్వాత చెప్పాడు. కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలట. మన అక్షరానికి మూడు కావాలి. దానికి గుడి పెడితే ఇంకో మూడు, ఒత్తు ఇస్తే ఇంకో ఆరు. అందుకని మన భాషలో తిట్టు కూడా బరువుగా తగులుతుందని ఆయన సిద్ధాంతం. "క్షమించు" అనాలంటే ఇరవైనాలుగు బైట్లు. "సరే" అయితే తొమ్మిదితో పోతుంది.

"పెళ్ళయి ముప్ఫయ్యేళ్ళయింది. ఇంకా నా దగ్గర పదిహేను బైట్లు మిగుల్చుకుంటున్నాడు" అంటుంది పిన్ని, వచ్చినవాళ్ళందరితోనూ.

ఒకసారి మా పక్కనున్న కళ్ళజోళ్ళ షాపాయన కొత్త డిస్కు పట్టుకుని మండిపడుతూ వచ్చాడు. డబ్బా మీద అయిదువందల జీబీ అని ఉంది, కంప్యూటర్లో పెడితే నాలుగు వందల అరవై అయిదే చూపిస్తోంది. మిగతా ముప్ఫై అయిదు ఎవరు తిన్నారో తేలాలన్నాడు.

బాబాయి అతన్ని కూర్చోబెట్టాడు. ఎవరూ తినలేదని చెప్పాడు. డిస్కు తయారుచేసేవాడు వెయ్యి గింజలకొక మూట కడతాడు, అలాంటి వెయ్యి మూటలు కలిపి పెద్ద మూట కడతాడు. కంప్యూటరు మాత్రం ప్రతిసారీ వెయ్యిన్నీ ఇరవైనాలుగుకి ఒకటి కడుతుంది. గింజలు అవే. మూట లావైతే మూటల సంఖ్య తగ్గుతుంది. కేబీ దగ్గర కనీ కనపడని తేడా ఎంబీ, జీబీ అని మెట్లెక్కేకొద్దీ పెరుగుతుంది. కాబట్టి ఏ రెండిటినైనా పోల్చాలంటే ముందు మూటలు విప్పేసి గింజలు లెక్కపెట్టుకోవాలి.

కళ్ళజోళ్ళాయన ముఖం ఇంకా అనుమానంగానే ఉంది.

"మీ ఎత్తెంత?" అని అడిగాడు బాబాయి.

"అయిదున్నర అడుగులు."

"మీటర్లలో చెబితే ఒకటీ ముప్పాతిక కూడా లేరు. ఆ మిగతా మనిషిని ఎవరు తిన్నారు?"

అతను నవ్వుకుంటూ వెళ్ళాడు. మర్నాడు వాళ్ళ బావమరిదిని వెంటబెట్టుకొచ్చి, అదంతా ఇంకోసారి చెప్పమన్నాడు. బాబాయి అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. నేను ఆ పాఠం అప్పటికి వందసార్లయినా విని ఉంటాను. ఈ మాట ఎందుకు ఒప్పుకుంటున్నానో మీకే తెలుస్తుంది.

మా వెనక వీధిలో ఒకావిడ ఉండేవారు. బస్టాండులో ఇరవై ఆరేళ్ళు అనౌన్సరుగా చేశారు. ముఖం తెలియనివాళ్ళు ఉన్నారేమోగానీ ఆ గొంతు తెలియనివాళ్ళు మా చుట్టుపక్కల లేరు. అదే గొంతులో ఆవిడకి జబ్బు పుట్టింది. గురువారం ఆపరేషన్. ప్రాణానికి భయం లేదన్నారుగానీ, ఆ తర్వాత ఇక గొంతు ఉండదన్నారు.

ఆస్పత్రివాళ్ళు ఒక యంత్రం ఇస్తామన్నారు. పలకంత ఉంటుంది. ముందుగా మాటలు రికార్డు చేసుకుని పెట్టుకుంటే, బటన్ నొక్కినప్పుడల్లా మన గొంతుతోనే పలుకుతుంది. ఆవిడా, బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన ఆవిడ భర్తా కలిసి పడగ్గది కిటికీలకి దుప్పట్లు కట్టి, రెండు నెలలు కూర్చుని రికార్డు చేశారు. మాటలు, వాక్యాలు, మనవరాలికి చెప్పే కథలు కలిపి నాలుగు వేల ఫైళ్ళు. మొత్తం పన్నెండు గంటలు.

సోమవారం పొద్దున్నే ఇద్దరూ మా షాపుకి వచ్చారు. ఆవిడ చేతిలో జాబితా, ఎర్ర పెన్ను ఉన్నాయి. ఆస్పత్రి టెక్నీషియన్ చూసి, ఇది ఏడున్నర జీబీ పైన ఉంది, యంత్రం పాత రకం, నాలుగు జీబీ దాటిన కార్డు దానికి పట్టదు, నొక్కి చిన్నవి చేసిన ఫైళ్ళు అది పలకదు, సగం తీసేసి తీసుకురండి అన్నాడట. తీసేయగా మిగిలినవి కార్డులోకి ఎక్కించి ఇమ్మని మా దగ్గరికి వచ్చారు.

ఆవిడ గాజుబల్ల మీద జాబితా పెట్టుకుని కొట్టేస్తూనే ఉన్నారు. "మంచినీళ్ళు కావాలి" ఉంచారు. "ఇక్కడ నొప్పిగా ఉంది" ఉంచారు. కథలు పోయాయి. మనవరాలి ముద్దుపేర్లు పోయాయి. డ్రైవరుగారు వీధివైపు తిరిగి, శుభ్రంగా ఉన్న కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు.

"తిట్లన్నీ ముందే తీసేశాను అన్నయ్యగారూ" అన్నారావిడ, అప్పటికే బొంగురుపోయిన గొంతుతో. "అవి లేకపోయినా బతకొచ్చుగా."

"నేను బతకలేను" అన్నారు డ్రైవరుగారు, వీధివైపు చూస్తూనే.

బాబాయి ఆవిడ చేతిలోంచి పెన్ను తీసుకుని తన చెవి మీద పెట్టుకున్నాడు. హెడ్‌ఫోన్ తగిలించుకుని ఒక ఫైలు విన్నాడు. ఒక చెవి తీసి విన్నాడు. మార్చి రెండో చెవితో విన్నాడు.

"మీకు నోళ్ళెన్నమ్మా?"

ఆవిడ తెల్లబోయి, ఒకటే అన్నారు. డ్రైవరుగారు ఏదో అనబోయి, ఆవిడ చూపు చూసి మానేశారు.

"ఇందులో రెండున్నాయి" అన్నాడు బాబాయి.

సంగతేమిటంటే, వాళ్ళు వాడిన రికార్డరు పాటల కచేరీలకి పనికొచ్చేలా పెట్టి ఉంది. కుడి చెవికొకటి, ఎడమ చెవికొకటి. ఒకే మనిషి ఒకే మైకు ముందు మాట్లాడినా, అదే మాటని రెండుసార్లు రాసుకుంటూ పోయింది. బాబాయి పాత కేలండరు కాగితం వెనక లెక్క వేశాడు. సెకనుకి లక్షా డెబ్భై ఆరువేల నాలుగు వందల బైట్లు. పన్నెండు గంటలకి నలభై మూడు వేల రెండు వందల సెకన్లు. మొత్తం ఏడు వందల అరవై రెండు కోట్ల బైట్లు. ఒక చెవి తీసేస్తే సగం, మూడు వందల ఎనభై ఒక్క కోట్లు. మాట ఒక్కటీ పోదు.

నేను ఉత్సాహం పట్టలేక, అంటే మూడు పాయింటు ఎనభై ఒక్క జీబీ అన్నాను. గబగబా వాళ్ళ కార్డు కంప్యూటర్లో పెట్టాను. కార్డులో ఉన్న చోటు మూడు పాయింటు డెబ్భై రెండు జీబీ అని చూపించింది. నా నోరు నా మాట వినలేదు. తొంభై ఎంబీల చోటు తక్కువైందనీ, ఇంకో పావుగంట కత్తిరించక తప్పదనీ అనేశాను.

ఆవిడ తలూపి, పెన్ను కోసం చెయ్యి చాపారు.

బాబాయి పెన్ను ఇవ్వలేదు. నావైపు తిరిగాడు. నేను షాపులో చేరిన మొదటి రోజున ఒకరి మదర్‌బోర్డు మీద టీ ఒలకబోసినప్పుడు కూడా అంత జాలిగా చూడలేదు.

"ఒరే, నువ్వు చెప్పిన ఎనభై ఒకటి ఏ మూట?"

"వెయ్యి మూట" అన్నాను.

"కంప్యూటరు చూపిస్తున్నది?"

అప్పుడు వెలిగింది. వందసార్లు విన్న పాఠం. ఒక పక్క వెయ్యి మూటలు, ఇంకో పక్క వెయ్యిన్నీ ఇరవైనాలుగు మూటలు పెట్టి నేను తూకం వేశాను. విప్పి గింజలు చూస్తే కార్డులో నాలుగు వందల కోట్లు పడతాయి. ఆవిడ గొంతు మూడు వందల ఎనభై ఒక్క కోట్లు. ఇంకా పంతొమ్మిది కోట్ల బైట్లు మిగులు.

బాబాయి అందులోంచి కూడా తీసివేతలు చేశాడు. కార్డులో చోటు చిన్న చిన్న పెట్టెలుగా ఉంటుందట. ప్రతి ఫైలుకీ చివర ఒక పెట్టె సగమే నిండుతుంది, మిగతా సగం ఎవరికీ పనికిరాదు. నాలుగు వేల ఫైళ్ళకి నాలుగు వేల సగం పెట్టెలు. అవన్నీ పోను, ఇంకా పదకొండు నిమిషాల మాటలకి చోటుంది. నేను నా తప్పుకి ప్రాయశ్చిత్తంగా "పదకొండు నిమిషాలు" అని గోడమీది తెల్లబోర్డు మీద అరచెయ్యంత అక్షరాలతో రాశాను.

ఆవిడ జాబితా మడిచి సంచిలో పెట్టుకున్నారు. డ్రైవరుగారు అప్పటికిగాని మావైపు తిరగలేదు. తిరిగి, తిట్లు కూడా పడతాయా అని అడిగారు. ముందు అవే ఎక్కిస్తామని బాబాయి హామీ ఇచ్చాడు.

బుధవారం మధ్యాహ్నం టెక్నీషియన్ యంత్రం తీసుకుని మా షాపుకే వచ్చాడు. ఎన్ని తీసేశారని అడిగాడు. ఒక్కటీ తీయలేదన్నాను. "నేను చెప్పానుగా పట్టదని" అన్నాడతను. బాబాయి కార్డు అతని చేతిలో పెట్టాడు. అతను యంత్రంలో దూర్చి, మొదటి నుంచి చివరిదాకా చూసుకుంటూ పోయాడు. నాలుగు వేలూ ఉన్నాయి. మళ్ళీ చూశాడు. మళ్ళీ ఉన్నాయి.

ఆవిడ ముందుకొచ్చి ఒక బటన్ నొక్కారు. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అంది యంత్రం, బొంగురుపోకముందటి గొంతుతో, ఇరవై ఆరేళ్ళూ బస్టాండంతా మోగిన గొంతుతో. ఎదురు షాపులో టీ తాగుతున్న ఇద్దరు కప్పులు దించేసి సంచులు భుజాన వేసుకున్నారు. ఏ బస్సూ రాకపోవడం చూసి, సంచులు దించి, వాళ్ళూ వచ్చి మా గుమ్మంలో నిలబడ్డారు. కళ్ళజోళ్ళాయన చప్పట్లు మొదలెట్టాడు. వీధిలో ఉన్నవాళ్ళు ఎందుకో తెలియకపోయినా కలిశారు.

టెక్నీషియన్ మంచివాడు. తన లెక్క తప్పయిందని నలుగురిలో ఒప్పుకున్నాడు. కార్డులో ఇంకా ముప్ఫై ఒక్క నిమిషాల చోటుంది, కావాలంటే ఇంకా ఏమైనా చేర్చుకోండమ్మా అని కూడా అన్నాడు.

నేను తెల్లబోర్డు వైపు చూశాను. పదకొండు. నా దస్తూరీయే. ఇరవై నిమిషాలు ఎక్కడివని బాబాయిని అడిగాను.

"లెక్కలో వచ్చాయి" అన్నాడు, స్క్రూలు ఏరుకుంటూ.

ఆవిడ మా వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. గొంతు బొంగురుపోయినా సరే, ఉన్న గొంతుతోనే ముప్ఫై ఒక్క నిమిషాలూ వాడుకుంటానన్నారు. భర్తని మాత్రం బయట ఉండమన్నారు. మాటలు తెలియలేదుగానీ, లోపలి స్వరం పెరుగుతున్నకొద్దీ డ్రైవరుగారి ముఖం వెలిగిపోతూ వచ్చింది.

ఆపరేషన్ బాగా జరిగింది. శనివారం డ్రైవరుగారు షాపుకి వచ్చి, ఆవిడ కళ్ళు తెరిచి, యంత్రం దగ్గరికి లాక్కుని నొక్కిన మొదటి బటన్ కొత్తవాటిలోదని చెప్పారు. "ముందు ఆ చొక్కా మార్చుకు రండి" అన్నారట. మూడు రోజుల నలిగిన చొక్కాలో నిలబడి, ఆ మాట మాకు రెండుసార్లు అనుకరించి వినిపించారు.

ఆయన వెళ్ళాక, కేరియర్‌లో భోజనం తెచ్చిన పిన్ని నన్ను పక్కకి పిలిచింది. సోమవారం మధ్యాహ్నం నుంచి బుధవారం పొద్దుటిదాకా ఇంట్లో మీ బాబాయి చెవుల్ని ఆ హెడ్‌ఫోన్ వదల్లేదు, ఆవిడ మాటలు ఒక్కొక్కటే పెట్టుకుని అటూ ఇటూ కత్తిరిస్తూ కూర్చున్నాడు, భోజనానికి పిలిస్తే చెయ్యెత్తి ఆగమన్నాడు, ఏమిటా పని అని అడిగింది.

అప్పుడు ఇరవై నిమిషాలు ఎక్కడివో తెలిసింది. రికార్డు బటన్ నొక్కాక మాట మొదలయ్యేలోపల ఎవరికైనా ఓ రెప్పపాటు నిశ్శబ్దం ఉంటుంది, చివర ఇంకొంచెం. రెండూ కలిపి సెకనులో మూడో వంతుకి తక్కువ. ఆయన ఆ నిశ్శబ్దాన్ని మాట గీసుకోకుండా, ఊపిరి తెగకుండా, ఒక్కో ఫైల్లోంచీ చేత్తో తీశాడు. సెకనులో మూడు పదో వంతుల చొప్పున నాలుగు వేల ఫైళ్ళకి కలిపితే పన్నెండు వందల సెకన్లు. అక్షరాలా ఇరవై నిమిషాలు.

వెళ్ళి బాబాయి ముందు నిలబడ్డాను. నాలుగు వేల ఫైళ్ళూ చేత్తో కత్తిరించి, లెక్కలో వచ్చిందని ఎందుకు చెప్పావని అడిగాను.

"నాలుగు వేలు కాదు. మూడు వేల తొమ్మిది వందల తొంభై ఆరు" అన్నాడు.

"మిగతా నాలుగు?"

"వాటిల్లో కత్తిరించడానికి ఏమీ దొరకలేదురా. ఆయన్ని తిట్టినవి. బటన్ నొక్కకముందే మొదలెట్టేసింది."