అందరి కళ్లలో ఒకే గీత

సోమవారం పొద్దున పెనుకొండ నుంచి ఫోన్ వచ్చింది, మా సార్ ఇక లేరని. హిందూపురం కంటి ఆసుపత్రిలో ఓసీటీ యంత్రం మీద నాకు పని నేర్పిన మనిషి ఆయన. కంట్లోకి వెలుగు పంపి, తిరిగొచ్చినదాన్ని బట్టి లోపలి పొరలను అడ్డంగా కోసి పరిచినట్టు చూపించే యంత్రం అది.

నాకేమో బొమ్మ తళతళలాడాలి. కంప్యూటర్‌లో మెరుగులు దిద్దడమే పనితనం అనుకునేదాన్ని. సార్ నవ్వేవారు. "బొమ్మకు పౌడరు పూస్తే ఏమొస్తాది పాపా? ముందు యంత్రంలో దీపం ఎట్లుండాదో చూడు. దాంట్లో నానా రకాల వెలుగు అలలు కలిసుంటేనే సన్న పొరలు విడివిడిగా అగుపిస్తాయి. వెలుగు తగ్గితే బొమ్మంతా ఇసక చల్లినట్లుంటాది" అనేవారు. నేను సగం వినేదాన్ని.

ఒకరోజు ధర్మవరం నుంచి పట్టుచీరలు నేసే అక్క వచ్చింది. ఆమె కంట్లో మెరిసే పొర కింద సన్నగా ఇంకో గీత కనబడింది. డాక్టరు చూడకముందే, ఉండకూడని కొత్త పొర పుడుతోందని ఆమె ముందే నోరు జారాను.

"ఇంక మగ్గం మానుకోవల్లనా మేడం?" అంది. డాక్టరు గదికి పోకుండానే, భయపడి వెళ్లిపోయింది.

సంగతి తెలిసి సార్ ఆ రోజు తీసిన అందరి బొమ్మలూ తిరగేశారు. అన్నిట్లోనూ ఆ గీత ఉంది. తర్వాత తన గడ్డం యంత్రంలో ఆనించి తీయమన్నారు. ఆయన కంట్లోనూ అదే గీత, అంతే ఎడంలో.

"అందరి కండ్లలో ఒకే తావున ఉండాదంటే, అది కంటిది కాదు పాపా, దీపానిది."

పాతబడిన దీపం వెలుగు ఎగుడుదిగుడై, దొంగ గీత గీస్తోందట. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన నన్ను వెనక ఎక్కించుకుని స్కూటర్ తీశారు. స్టేషన్‌లో ధర్మవరం రైలు ఇంకా రాలేదు. అక్క పక్కన కూర్చుని, "తప్పు మా యంత్రానిదమ్మా. దీపం మార్చి మళ్లీ చూస్తాం. అంతవరకు నేసుకో" అన్నారు. నా పేరెత్తలేదు. కొత్త దీపం వచ్చాక తీసిన అక్క కంటి బొమ్మలో ఆ గీత లేదు. ఆ రుణం నేను తీర్చుకోలేనిది. ఈరోజు నేను తొందరపడకుండా పనిచేస్తున్నానంటే ఆయన చలవే.

మొన్న పెనుకొండలో ఆయన్ను ఆఖరిసారి చూడ్డానికి వెళితే, ఆ అక్క నాకంటే ముందే వచ్చి ఉంది.

"ఆ పొద్దు సారు రాకుంటే మగ్గం అమ్మేసుందును మేడం" అంది.

వంగి ఆయన పాదాల దగ్గర పూలు పెట్టింది. పనిలోంచి లేచి వచ్చినట్టుంది, వేళ్లకు అంటుకున్న ఎర్ర పట్టుపోగు ఒకటి పూల మీద నిలిచిపోయింది. దాన్ని ఎవరూ తీయలేదు.