కుడివైపు కంట్రోల్ మీట

మా బావ లాప్‌టాప్‌ను నేను పాడుచేశానని మా బంధువుల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మొన్న రాజాంలో ఒక పెళ్లి భోజనాల దగ్గర, నాకు వరసకు పిన్ని అయ్యే ఆవిడ పక్కనున్నామెకు నన్ను అలాగే పరిచయం చేసింది. ఇన్నేళ్లయినా! అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రెండువేల పది దాటిన కొత్తలో నేను శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతూ, అరసవల్లిలో అక్కావాళ్ల ఇంట్లో ఉండేదాన్ని. బావది ఎండుచేపల వ్యాపారం. మా కాలేజీలో విండోస్ బదులు వాడే లినక్స్ నేర్పేవారు. ఇంటి దగ్గర సాధన చేద్దామంటే బావ లాప్‌టాప్‌లో ఉన్నది విండోస్. దాన్ని తీయకుండానే, దాని లోపల ఒక ఉత్తుత్తి కంప్యూటర్ని తయారుచేసి అందులో లినక్స్ నడిపే సాఫ్ట్‌వేర్ ఉందని మాస్టారు చెప్పారు. బావను అడిగి, ఆయన సరేనన్నాకే వేశాను. ఈ సంగతి మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోరు.

"కంప్యూటర్లో ఇంకో కంప్యూటరేటే మరదలా? అద్దెకి దింపేసినావా? అద్దె ఎవులిస్తారు మరి?" అని నవ్వాడు కూడా.

"నీ సామాన్లేవీ ముట్టుకోదు బావా. దాని గదిలో అదుంటాది," అన్నాను.

నిజంగానే అది దేన్నీ ముట్టుకోలేదు. లినక్స్‌ను తెర నిండా పరిచి పని చేసుకునేదాన్ని. అయ్యాక కుడివైపు కంట్రోల్ మీట, ఎఫ్ మీట కలిపి నొక్కితే అది చిన్న పెట్టెలా ముడుచుకునేది. వెనక బావ విండోస్, దాని మీద నవ్వుతున్న అక్క కూతురి ముఖం కనిపించేవి. పాప పుట్టినప్పటి నుంచి అన్నప్రాసన వరకూ తీసిన ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. కెమెరా కార్డు నిండిపోతే వాటిని లాప్‌టాప్‌లోకి ఎక్కించి కార్డు ఖాళీ చేశారు. మరెక్కడా లేవు.

ఒక శనివారం రైలుకు టైమైపోతోందని, లినక్స్ తెర నిండా ఉండగానే మూత వేసి ఆటో ఎక్కేశాను. చీపురుపల్లిలో మా ఇంటికి చేరి కాళ్లు కడుక్కుంటుంటే బావ ఫోను.

"ఒసే, నీ అద్దెకున్నోడు ఇంటికి తాళం ఎట్టేసినాడే! తెరంతా ఊదారంగు. పాస్‌వర్డ్ అడుగుతన్నాది. నా విండోస్ ఏదే? పాప ఫొటోలేవే?"

"ఏటీ పోలేదు బావా. అన్నీ దాని ఎనకే ఉన్నాయి. కుడిపక్క కంట్రోల్ నొక్కిపట్టి ఎఫ్ నొక్కు."

"నొక్కినాను! అన్నీ నొక్కినాను!"

"ఎడమది కాదు బావా, కుడిపక్కది! పోనీ ఆపేసి మళ్లీ ఆన్ చెయ్యి, విండోసే వస్తాది."

"నువ్వింక మాటాడకు. సేసిందంతా సేసి మళ్లీ పాఠాలు సెప్తన్నావు!"

పెట్టేశాడు. నేను మళ్లీ మళ్లీ చేశాను. ఎత్తలేదు.

సోమవారం వెళ్లేసరికి లాప్‌టాప్ తెర కొత్తగా, ఖాళీగా మెరుస్తోంది. లినక్స్ లేదు. పాప ముఖమూ లేదు.

"షాపుకి అట్టుకెళ్లి అంతా తుడిపించేసి కొత్త విండోస్ ఎయ్యించినాను," అన్నాడు బావ, పెద్ద పని చక్కబెట్టినట్టు.

"మరి ఫొటోలు?"

"నువ్వే కదే పోగొట్టినావు!"

భద్రంగా ఉన్న ఫొటోలను తన చేతులతో మోసుకెళ్లి తుడిపించాడు, నేను పోగొట్టానట! అక్క పాపను ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తోంది. నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టింది. ఆ వారం అమ్మ ఫోన్లో తిట్టింది, మేనత్త తిట్టింది. అక్క మౌనం ముందు అవేవీ లెక్క కాదు.

పట్టుబట్టి, నాలాగే లినక్స్ వేసుకున్న స్నేహితురాలి లాప్‌టాప్ అడిగి తెచ్చాను. లినక్స్‌ను తెర నిండా పరిచి బావ ముందు పెట్టాను.

"నువ్వు చూసింది ఇదేనా?"

"ఇదే! ఇదే!"

రెండు మీటలూ నొక్కాను. ఊదారంగు ముడుచుకుపోయి, వెనక నుంచి విండోస్ బయటపడింది. బావ నోరు తెరిచాడు. ఇప్పుడైనా ఒక మాట అంటాడనుకున్నాను. అన్నాడు.

"ఈ ముక్క ఆ రోజే సెప్పొచ్చు గదే!"

గుమ్మం దగ్గర నుంచి అక్క గొంతు వినిపించింది.

"సెప్పింది. ఫోను స్పీకర్లో ఎట్టినావు గదా, నేనిన్నాను. కుడిపక్కది, కుడిపక్కది అని మొత్తుకుంది."

బావ పాపను ఎత్తుకుని వీధిలోకి వెళ్లిపోయాడు. నేను అక్కనే చూస్తూ ఉండిపోయాను. బావ వినిపించుకోలేదు, సరే. అక్క విన్నది! విని ఇన్నాళ్లూ ఊరుకుంది!

"మరి ఎందుకు సెప్పలేదే?"

"నొక్కి సూత్తానన్నాను. నీకేటి తెలుసే అన్నాడు. నిజమే గదా, నాకేటి తెలుసు అనుకున్నాను."

ఆ సంగతి వాళ్లిద్దరూ తర్వాత కూడా బంధువులెవరికీ చెప్పలేదు. అదీ నాకు గుర్తుంది.

అక్క వచ్చి నా పక్కన కూర్చుంది. "ఏదీ, ఏది నొక్కాల?" అంది. చేతులు పట్టుకుని ఒక వేలు కుడివైపు మీట మీద, ఇంకొకటి ఎఫ్ మీద పెట్టాను. నొక్కింది. తెర నిండింది. మళ్లీ నొక్కింది. ముడుచుకుంది. అలా నొక్కుతూనే ఉంది. ప్రతిసారీ వెనక నుంచి స్నేహితురాలి విండోసే వచ్చింది.