కణానికి అందని కబురు

మనవరాలి కాలేజీలో సైన్సు ప్రదర్శన చూస్తుంటే స్పిరిట్ దీపం వాసన తగిలింది. వెంటనే డాక్టర్ కమలమ్మగారు గుర్తొచ్చారు. 1960ల తొలినాళ్లలో హిందూపురంలోని ఒక చిన్న ఆసుపత్రిలో నేను కొత్త నర్సును, ఆమె మా పెద్ద డాక్టరు. పొడవాటి మనిషి. నవ్వు తక్కువ.

ఒక వేసవిలో ధర్మవరం నుంచి నారాయణప్ప అనే నేతగాడు కూతురు పద్మను స్పృహ లేని స్థితిలో మోసుకొచ్చాడు. చక్కెర జబ్బు. పిల్ల ఎముకల గూడైపోయి ఎగశ్వాస పీలుస్తోంది. సెలైన్ పెట్టి, ఇన్సులిన్ ఇచ్చి, పక్కనే కనిపెట్టుకుని కూర్చున్నాం. మర్నాటికి కళ్లు తెరిచింది.

ఇంటికి పంపే ముందు డాక్టరుగారు తండ్రిని కూర్చోబెట్టి, ఈ సూది బతికినన్నాళ్లూ రోజూ వేయాలన్నారు.

"చక్కెర మానిపిస్తే సాలదామ్మా?" అన్నాడు.

"సాలదప్పా. సంగటి తిన్నా రక్తంలో చేరేది చక్కెరే. ఒంట్లో కంటికి కనిపించని కణాలుంటాయి. చక్కెర పక్కనే పారుతున్నా, తీసుకోమనే కబురు రానిదే చాలా కణాలు తీసుకోలేవు. ఆ కబురే ఇన్సులిన్. కడుపులో ఒక గ్రంథి దాన్ని పంపాలి. మీ పాపకు పంపడం లేదు."

"కబురొచ్చినట్ల కణానికి ఎట్ల తెలుస్తాది?"

"అది మాకూ ఇంకా తెలీదు."

డాక్టరు నోట ఆ మాట రావడం అంతకుముందు నేనెన్నడూ వినలేదు.

"మా ఊర్లో ఒకాయన వేర్ల మందుతో నయం చేస్తానంటాండాడు. ఆయన దేన్నీ తెలీదనలేదు," అన్నాడు నారాయణప్ప.

"ఎట్ల తెలుస్తుందో తెలీదు. కబురు ఆగితే పిల్ల బతకదని మాత్రం తెలుసు. ఈ రెండూ కలపొద్దు."

అప్పుడతను అసలు సంగతి చెప్పాడు. "నా బిడ్డకు నేను సూది గుచ్చలేనమ్మా."

డాక్టరుగారు స్పిరిట్ దీపం మీద మరిగించిన గాజు సిరంజిలో సెలైన్ నింపించి, తన ఎడమచెయ్యి బల్లమీద చాపారు. "ఇది ఉత్త ఉప్పునీళ్లు. ముందు నాకు వెయ్యి."

అతను గుచ్చాడు. సూది వంకరగా దిగి రక్తం చిమ్మింది. "మళ్లీ," అన్నారామె, అంతే. తండ్రీకూతుళ్లు వెళ్లే నాటికి డాక్టరుగారి చేతిమీద నల్లటి మచ్చలు మిగిలాయి, నారాయణప్ప భయం మాత్రం పోయింది. వేర్ల మందు జోలికి పోలేదు. పద్మ పెద్దదై, తన సూది తానే వేసుకుంటూ మగ్గం మీద కూర్చుంది.

డాక్టరుగారు పెనుకొండకు వెళ్లిపోయాక ఆమెతో మళ్లీ పనిచేయలేదు. నారాయణప్ప అడిగినదానికి జవాబు చాలా ఏళ్ల తర్వాత దొరికింది. కణం పైపొరలోని ఒక ప్రోటీన్ ఇన్సులిన్‌ను పట్టుకుంటుందని, దాంతో లోపల ఒకదాని వెంట ఒకటి మార్పులు జరిగి చక్కెరకు దారి తెరుచుకుంటుందని నర్సింగ్ టీచరునయ్యాక విద్యార్థులకు నేనే పాఠం చెప్పాను. చివర్లో, ఇంకా తెలియనిదేమిటో కూడా చెప్పేదాన్ని.

"ఇది పరీక్షలో వస్తుందా మేడమ్?" అనేవాళ్లు.

"రాదు. రోగి అడుగుతాడు," అనేదాన్ని.