తెర పక్కన ఆడగొంతు

నా మొగుడు అల్లాబకాష్ పోయి ఎనిమిది నెలలైంది. దమ్మామ్‌లో పనివాళ్ళ క్యాంపులో ఉన్న అతని సామానంతా ఒక అట్టపెట్టెలో పెట్టి, ఖతీఫ్‌లో మా నర్సుల హాస్టల్‌కి పంపారు. నాలుగు చొక్కాలు, ఒక హార్డ్ డిస్క్, కాగితంలో చుట్టిన కరక్కాయ ముక్కలు. ఒకప్పుడు ఆ చొక్కాల మీదా, కరక్కాయ మీదా నాకు అనుమానమే.

మాది ప్రొద్దుటూరు దగ్గర. అతను దమ్మామ్‌లో ఒక గోడౌన్‌లో స్టోర్‌కీపర్. నేను ఖతీఫ్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సును. పెళ్లయ్యాక అతని కోసమే ఈ అరబ్బు దేశం వచ్చాను. అతని ఇఖామాలో, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డులో, రాసిన ఉద్యోగానికి ఫ్యామిలీ వీసా రాదు. అందుకని అతను క్యాంపులో ఆరుగురితో ఒక గదిలో, నేను హాస్టల్లో. మధ్య అరగంట దారి. శుక్రవారం మధ్యాహ్నం నమాజయ్యాక షేర్ కారెక్కి వచ్చేవాడు. సముద్రం గట్టున కూర్చునేవాళ్ళం. గుండీలూడిన చొక్కాలు తెచ్చేవాడు, నేను కుట్టిచ్చేదాన్ని. నేను చదివిన నవలల కథలు చెప్తే వినేవాడు. అతను చదివింది ఏడో తరగతి. వినడం మాత్రం బాగా వినేవాడు.

ఒకసారి గుండీ కుడుతుంటే జేబులో కరక్కాయ ముక్క తగిలింది.

"దగ్గొస్తాందా?" అన్నాను.

"లేదు మే. ఊరికే."

ఊరికే ఎవరూ కరక్కాయ బుగ్గన పెట్టుకోరు. ఆ తర్వాతి శుక్రవారం రాలేదు. "ఓటీ ఉండాది" అన్నాడు, ఓవర్‌టైమని. ఆపై శుక్రవారమూ ఓటీయే. మూడో వారం చొక్కాలు అతని గదిలో ఉండే మస్తాన్ వలీ తెచ్చిచ్చాడు. వలీ మనిషి మంచివాడు కానీ అబద్ధం చెప్పేటప్పుడు చెవి గోక్కుంటాడు. "అన్నకు పని యెక్కువుంది వదినా" అంటూ రెండు చెవులూ గోక్కున్నాడు.

ఆ చొక్కాల్లో ఒకదాని జేబులో మడిచిన కాగితం దొరికింది. అల్లాబకాష్ రాతే. ఒకవైపు 'ఆమె', ఒకవైపు 'అతను'.

ఆమె: పెండ్లి ఎప్పుడు చేసుకుంటావ్?

అతను: ముందు కుక్కను పట్టుకోనీ.

కుక్క సంగతి నాకు అర్థం కాలేదు. పెండ్లి సంగతి అర్థమైంది.

నాలుగో శుక్రవారం నేనే ఫోన్ చేశాను. "స్టోర్లో ఉండా, మళ్ళ చేస్తా" అన్నాడు. హడావిడిలో ఫోన్ కట్ చేయడం మరిచిపోయాడు. ఏదో గుడ్డ రాసుకున్న చప్పుడు. ఆ వెంటనే ఆడగొంతు, సన్నగా, గారాలు పోతూ: "వదులు నా చెయ్యి! మా ఆయన వచ్చే యాళయింది!" వెనకాల మగవాళ్ళ నవ్వులు. ఒకరిద్దరివి కాదు.

నేను ఫోన్ పట్టుకుని మంచం మీద కూర్చుండిపోయాను. పక్క మంచం సరళది. భీమవరం మనిషి. నా మొహం చూసి, ఫోన్ లాక్కుని తనూ విన్నది.

"ఆడమనిషి లోపలికెలా వెళ్ళిందే ఆ క్యాంపులోకి? గేటు దగ్గర ఈగని కూడా ఇఖామా అడుగుతారు కదా!"

"అదే నేనూ అనుకుంటాండా."

"సంతకం పెట్టకు మరి."

సంతకం అంటే నా కాంట్రాక్ట్. వచ్చే శనివారం లోపల చెప్పాలి, ఇంకో రెండేళ్ళు ఉంటానో, ఎగ్జిట్ తీసుకుని ఇంటికి పోతానో. ఆ ఫారం వారం రోజులుగా నా దిండు కింద ఉంది. అతని కోసం వచ్చినదాన్ని, అతను లేకపోతే ఈ దేశంలో నాకేం పని?

మంగళవారం ఫోన్లో నిలదీశాను. "శుక్రవారం యాడికి పోతాండావో చెప్పు. ఓటీ అంటే నమ్మేదానికి నేనేమన్నా పసిబిడ్డనా?" అన్నాను. అవతల కాగితం రెపరెపలాడిన చప్పుడు. తర్వాత మెల్లగా, "ఆ మాట మళ్ళొకసారి చెప్పు మే" అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను.

మా ఆసుపత్రి వాళ్ళు శుక్రవారాలు కంపెనీల క్యాంపులకు వెళ్ళి పనివాళ్ళకు బీపీ, షుగరు చూస్తారు. సెలవు రోజైతే అందరూ దొరుకుతారని. ఆ వారం జాబితాలో అతని క్యాంపు పేరుంది. ఇంకో నర్సును బతిమాలి డ్యూటీ మార్చుకున్నాను. సరళ ఎలాగూ ఆ జట్టులో ఉంది. బురఖాలాంటి అబాయా మీద తెల్లకోటు, మొహానికి మాస్కు. గేటు దగ్గర కాపలా మనిషి ఆసుపత్రి కాగితం చూసి లోపలికి వదిలాడు.

ఆఫీసు గది ముందు బల్ల వేశారు. సరళ రిజిస్టరు రాస్తోంది, నేను చేతులకు బీపీ పట్టీ కడుతున్నాను. ఒక్కొక్కరూ వస్తున్నారు, చూపించుకున్నవాళ్ళు ఎదురుగా ఉన్న మెస్‌లోకి జారుకుంటున్నారు. పగటిపూట ఆ మెస్ కిటికీలకు దుప్పట్లు కట్టి ఉన్నాయి. తలుపు తెరిచినప్పుడల్లా లోపల చీకటి, నవ్వు. మూసేస్తే నిశ్శబ్దం.

మస్తాన్ వలీ వంతు వచ్చింది. మాస్కు కిందికి లాగాను. కుర్చీలోంచి లేవబోయాడు. అప్పటికే పట్టీ బిగించేశాను.

"నూట అరవై," అన్నాను. "ముప్పై ఏండ్లకు నూట అరవై. ఏం దాస్తాండావ్ వలీ?"

"ఏం లేదు వదినా!"

మళ్ళీ గాలి కొట్టాను. "నూట డెబ్బై. ఆయప్ప యాడుండాడు?"

చేయి పట్టీలో ఉండటంతో చెవి గోక్కోవడానికి వీల్లేకపోయింది. మెస్ వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే లోపలి నుంచి అదే ఆడగొంతు వినిపించింది. నేను పట్టీ విప్పకుండానే లేచాను. వలీ ఆ మిషను చంకన పెట్టుకుని, "వదినా, వదినా, ఆగు!" అంటూ నా వెనకాలే పరుగెత్తుకొచ్చాడు.

తలుపు తోశాను.

నలభై మంది దాకా నేల మీద కూర్చున్నారు. గోడకు మంచం దుప్పటి కట్టి ఉంది. దాని మీద నలుపు తెలుపుల్లో పాతకాలపు ఇంగ్లీషు సినిమా. ముత్యాలదండ వేసుకున్న దొరసాని ఒకతన్ని బీరువాలో దాచి తలుపేస్తోంది. ఇంకొకడు కిటికీలోంచి దిగుతున్నాడు. ఒక కుక్క బూటు నోట కరుచుకుని మంచం చుట్టూ తిరుగుతోంది. సినిమాకు శబ్దం లేదు. దుప్పటి పక్కన నిలబడి, బుగ్గన కరక్కాయతో, చేతిలో కాగితంతో, దొరసాని పెదవులు కదిలినంత వేగంగా నా మొగుడు మాట్లాడుతున్నాడు. దొరసానికి సన్నగొంతు, బీరువాలో వాడికి బొంగురు గొంతు, అప్పుడప్పుడు కుక్కకు కూడా.

"శుక్రవారం యాడికి పోతాండావో చెప్పు!" అంది దొరసాని, కడప జిల్లా యాసలో. "ఓటీ అంటే నమ్మేదానికి నేనేమన్నా పసిబిడ్డనా?"

మెస్ అంతా పొర్లి పొర్లి నవ్వింది. మన భాష రాని బెంగాలీలు ఇద్దరు కూడా నవ్వారు. మంగళవారం నేనన్న మాట, అక్షరం పొల్లుపోలేదు.

అప్పుడు నన్ను చూశాడు. గొంతు ఆగిపోయింది. తెర మీద దొరసాని నడుం మీద చేతులు పెట్టి నోరు ఆడిస్తూనే ఉంది.

"అన్నా, ఆమె మాట్లాడతాంది, గొంతియ్యి!" అని ఎవరో అరిచారు.

అతను కాగితం కిందికి దించాడు. ఒళ్ళంతా మంటగా ఉంది నాకు. నా మాట నలభై మందికి పంచిపెట్టాడు. ఆడమనిషి లేదన్న సంతోషం ఇంకా లోపలికి దిగలేదు. దొరసాని వేలు చూపించింది. నేనే అనేశాను:

"నాతో చెప్పేదానికి నీకేం రోగమొచ్చింది?"

తలలన్నీ వెనక్కి తిరిగాయి. తెర మీద బీరువా తలుపు తెరుచుకుంది. అల్లాబకాష్ ఆ మగవాడి గొంతు మరిచిపోయి తన గొంతుతోనే అన్నాడు: "నవ్వుతావని."

ఆ నవ్వుల్లో ఇక ఎవరి మాటా వినపడలేదు.

తర్వాత బయట నీళ్ళ ట్యాంకు నీడలో నిలబడి అంతా చెప్పాడు. ఊరికి వెళ్ళిపోతూ ఒక ఇంజనీరు ఇచ్చిపోయిన హార్డ్ డిస్క్ అది. హిందీ సినిమా వేస్తే ఏది వేయాలని గొడవ. ఇదైతే ఎవరికీ అర్థం కాదు కాబట్టి గొడవ లేదు. మొదట సరదాగా ఒక గొంతు పెట్టాడు. శుక్రవారమైతే ఇప్పుడు వాళ్ళు వదలడం లేదు.

"మా నాయన నాటకాల్లో ఆడయేషం కట్టేటోడు. బళ్ళో నన్నేమని పిలిచేటోళ్ళో నీకు తెల్దు. నువ్వు పుస్తకాలు చదివేదానివి. మొగుడు ఆడగొంతు పెడతాడంటే..."

"మరి నా మాటలేంటికి వాడుకున్నావ్?"

"నీ మాటలకే బాగా నవ్వుతారు మే."

శనివారం రెండేళ్ళకు సంతకం పెట్టాను. క్యాంపులోకి నన్ను మళ్ళీ రానివ్వరు కాబట్టి, ఆ సినిమాలు నా ల్యాప్‌టాప్‌లోకి కూడా ఎక్కించి ఇచ్చాడు. ఒక శుక్రవారం సముద్రం గట్టున, ఒక శుక్రవారం ఫోన్లో. అక్కడ అతనూ ఇక్కడ నేనూ ఒకేసారి ప్లే నొక్కేవాళ్ళం. దొరసాని గొంతు నాది. నా మాట ఎప్పుడూ రెండు క్షణాలు ఆలస్యంగా చేరేది. ఆమె నోరు మూసుకున్నాక తిట్టేదట. అందుకే ఇంకా ఎక్కువ నవ్వేవాళ్ళట.

పద్నాలుగు నెలలు అలా నడిచింది. గోడౌన్‌లో అట్టపెట్టెల పక్కన పొద్దున పది గంటలకు కూలబడ్డాడు. గుండె. నలభై ఒక్క ఏండ్లు. బీపీ ఎక్కువున్నట్టు ఎవరికీ తెలియదు అన్నారు.

కిందటి నెల పాత రిజిస్టర్లు సర్దుతుంటే ఆ శుక్రవారంది కనబడింది. మస్తాన్ వలీ పేరు ఎదురుగా సరళ రాతలో రెండు అంకెలున్నాయి, నూట అరవై, నూట డెబ్బై. కంపెనీ ఇచ్చిన పేర్ల వరుసలో అతని కింద అల్లాబకాష్ పేరు. ఆ గడిలో అంకె లేదు. సరళ రాసింది: 'తర్వాత'.